రాగిపలకలమీద అచ్చు చరిత్ర: పని డైరీ

మే 11

ఈ ఉదయం సికింద్రాబాదు రాణీగంజ్‌కు వెళ్లి పద్దెనిమిది గేజి రాగిరేకు కోయించుకుని వచ్చాను. నాలుగు పలకలు, ఒక్కొక్కటి 20 సెంటీమీటర్ల పొడవు, 15 సెంటీమీటర్ల వెడల్పు, మందం మిల్లీమీటరుకు కొంచెం పైన. అచ్చుపని చరిత్రను రాగిమీద చెక్కి, ఆ పలకలనుంచే అచ్చు తీసి నాలుగు చిత్రాల కట్టగా చేయాలన్న ఆలోచన రెండేళ్లుగా నా నోటుపుస్తకంలో నలుగుతోంది. రాగి ధర విన్నాక ఇంకో ఏడాది నలగనిద్దామా అనిపించిన మాట నిజమే గానీ, కొట్టతను అప్పటికే రేకును కోత యంత్రం కింద పెట్టేశాడు.

ఇంతకాలం నేను ఎక్కువగా చేసింది ఎచింగ్. అందులో పలకకు మైనపు పూత పూసి, సూదితో గీసి, ఫెర్రిక్ క్లోరైడులో ముంచితే గీసినచోట రాగిని ద్రావణమే తినేస్తుంది. చేతికి శ్రమ తక్కువ, గీత కలంతో గీసినంత సులువుగా ఎటు కావాలంటే అటు పోతుంది. ఎన్‌గ్రేవింగ్‌లో ఈ సౌకర్యం లేదు. బ్యూరిన్ అనే నాలుగు ముఖాల ఉక్కు ఉలిని అరచేత్తో నెట్టుకుంటూ పోవాలి. దాని ముక్కు ముందు సన్నని రాగిపీచు చుట్టుకుంటూ లేస్తుంది, వెనక గాడి మిగులుతుంది. ఆ గాడిలో నిలిచిన సిరాయే చివరకు కాగితం మీదికి ఎక్కుతుంది. నెలకు ఒక పలక పూర్తయితే గొప్ప అనుకుంటున్నాను.

మే 14

మొదటి పలకకు ఆధారం నాకు కాలేజీ రోజులనుంచీ ఇష్టమైన ఒక బొమ్మ. దాన్ని గీసిన యాన్ వాన్ డెర్ స్ట్రాట్ 1523లో బ్రూజ్ పట్టణంలో పుట్టి, జీవితంలో ఎక్కువ భాగం ఫ్లోరెన్సులో మెడిచీల కొలువులో పనిచేసి 1605లో అక్కడే కన్నుమూశాడు. లాటిన్ అలవాటు ప్రకారం ఆయనను స్ట్రాడానుస్ అంటారు. ప్రాచీనులకు తెలియని కొత్త సంగతులను వరుసగా బొమ్మలు కట్టి, దానికి ‘నోవా రెపెర్టా’ అని పేరు పెట్టారు. 1590ల ప్రాంతంలో ఆంట్‌వెర్ప్‌లో ఫిలిప్స్ గాలె ప్రచురణశాల వాటిని రాగిమీద చెక్కించి అచ్చువేసింది. శీర్షిక పలకతో కలిపి మొత్తం ఇరవై. అమెరికా, దిక్సూచి, తుపాకిమందు అయ్యాక నాలుగోదిగా పుస్తకాల ముద్రణ వస్తుంది.

ఆ బొమ్మలో ఒక అచ్చాఫీసు మొత్తం ఉంది. కేసుల (అక్షరాలుంచే గడుల పెట్టెల) దగ్గర అక్షరాలు ఏరి పేర్చే కంపోజిటర్లు, తోలు బంతులతో సిరా అద్దేవాడు, యంత్రపు పిడి పట్టుకుని ఒంటి బరువంతా వేసి లాగేవాడు, పైన తాళ్లమీద ఆరుతున్న తడి కాగితాలు, ఆరినవాటిని సర్దే కుర్రవాడు. ఎవరి పని వారిది, ఒకరి మొహం ఒకరు చూసుకునే తీరిక లేదు. కింద లాటిన్‌లో రెండు పాదాలున్నాయి. ఒక గొంతు ఎన్నో చెవులకు చేరినట్టే ఒక రాత వేయి పుటలను నింపుతుందని వాటి సారాంశం.

నన్ను పట్టి కుదిపిన సంగతి మరొకటి. బొమ్మలో కనిపిస్తున్న యంత్రంమీద ఆ బొమ్మ అచ్చయి ఉండదు. అక్షరాలకు ఎత్తుగా ఉన్న భాగం సిరా పట్టుకుంటుంది కాబట్టి పైనుంచి మర తిప్పి సమంగా నొక్కితే చాలు. రాగిపలకకు లోతుగా ఉన్న భాగం సిరా పట్టుకుంటుంది కాబట్టి తడిపిన కాగితాన్ని ఆ గాడుల్లోకి దించడానికి రెండు రోలర్ల మధ్య నలగ్గొట్టినంత ఒత్తిడి కావాలి. అంటే సీసపు అక్షరాల యంత్రాన్ని కీర్తిస్తున్న ఆ చిత్రం పుట్టింది దాని పక్క గదిలోని రోలరు యంత్రంమీద. ఆ యంత్రానికీ చోటు లేకపోలేదు. ఇరవయ్యింటిలో ఆఖరి పలక రాగి చెక్కేవాళ్ల పనిశాలదే. గాలె తన సొంత దుకాణాన్ని చివరికి దాచుకున్నాడన్నమాట.

మే 23

వారం రోజులుగా చెక్కుడు మొదలే కాలేదు, అంతా అరగదీయడమే. పలక అంచులను ఆకురాయితో నలభైఅయిదు డిగ్రీలకు ఏటవాలు చేశాను. చేయకపోతే రోలరు కింద అంచు కాగితాన్ని కోస్తుంది, కాగితానికీ రోలరుకూ మధ్య పరిచే కంబళిని చించుతుంది. తర్వాత నాలుగు వందల నెంబరు నీటి గరుకుకాగితంతో మొదలుపెట్టి రెండు వేల దాకా వరుసగా రుద్ది, ఆఖర్న పాలిష్ పెట్టాను. దుకాణంలో పడిన గీత ఒక్కటి మిగిలినా అది సిరా పట్టుకుని, చిత్రంలో తలవెంట్రుకలా కనిపిస్తుంది.

బ్యూరిన్‌కు పదును పెట్టడం వేరే విద్య. ముక్కును నలభైఅయిదు డిగ్రీల కోణంలో నూనెరాయిమీద ఆనించి, మణికట్టు కదలకుండా చిన్న చిన్న సున్నాలు చుట్టాలి. మణికట్టు వెంట్రుకవాసి ఒరిగినా ముఖం గుండ్రబడిపోతుంది. పదును వచ్చిందో లేదో తెలుసుకోవడానికి రెండు పరీక్షలున్నాయి. మొనను వెలుతురులోకి తిప్పినప్పుడు చుక్కంత మెరుపు కనిపిస్తే అది మొద్దుబారినట్టు, ఎందుకంటే పదునైన మొనకు మెరవడానికి చోటు ఉండదు. రెండోది, బొటనవేలి గోరుమీద తేలిగ్గా ఆనించి నెడితే జారకుండా అక్కడే నాటుకోవాలి. నా గోటిమీద ఇప్పుడు ఎన్ని గాట్లున్నాయో చూసి మా అమ్మ, కూరగాయలు తరగడం ఎప్పుడు నేర్చుకుంటావే అని అడిగింది.

జూన్ 4

నాలుగు రోజులనుంచి యంత్రపు దూలాలు, నేలపలకలు చెక్కుతున్నాను. ఆంట్‌వెర్ప్‌లోనే, క్రిస్తోఫ్ ప్లాంటిన్ స్థాపించిన ముద్రణాలయం ఇప్పుడు ప్రదర్శనశాలగా ఉంది. ప్రపంచంలో మిగిలిన అచ్చుయంత్రాల్లో అన్నిటికంటే పాతవి రెండూ అక్కడివే, 1600 నాటివి. బొమ్మలో అర్థంకాని కీళ్లను వాటి ఛాయాచిత్రాలు చూసి సరిచూసుకున్నాను. తిన్నని గీతలు కాబట్టి ఇంతవరకు పని హాయిగానే సాగింది.

ఈవేళ బొమ్మ కింద వేయదలచుకున్న తెలుగు వాక్యానికి వచ్చాను. అక్కడ తల ప్రాణం తోకకు వచ్చింది. బ్యూరిన్ స్వభావరీత్యా తిన్నగా పోతుంది. వంపు కావాలంటే ఉలిని తిప్పకూడదు, తిప్పితే మొన విరుగుతుంది. ఇసుక నింపిన తోలు మెత్తమీద పలకను పెట్టి, కుడిచేతిని దాదాపు కదలనివ్వకుండా, ఎడమచేత్తో పలకనే ఉలికి ఎదురు తిప్పాలి. రోమన్ అక్షరాలకు ఈ తిప్పుడు అప్పుడప్పుడే అవసరం. మన లిపిలో తిన్నని గీత వెతికి పట్టుకోవాలి గనక పలక రోజంతా కుమ్మరిసారెలా తిరుగుతూనే ఉంది. సాయంత్రానికి ఏడు అక్షరాలు వచ్చాయి. వాటిలో రెండు గీకేసి మళ్లీ చెక్కాలి.

మధ్యాహ్నం చేయి నొప్పి పుట్టి ఆగినప్పుడు ఒక సంగతి తట్టింది. తాటాకుమీద రాసేవాళ్లు చేసింది సరిగ్గా ఇదే. ఎడమచేతిలో ఆకు, కుడిచేతిలో గంటం. గంటపు మొనను ఎడమ బొటనవేలికి ఆనించి నిలకడగా పట్టుకుని, ఆకునే దానికి ఎదురు జరుపుతూ రాసేవారు. రాసింది వెంటనే కనిపించదు. మసి పూసి తుడిస్తే గీసిన గాట్లలో మాత్రం నలుపు నిలిచి అక్షరం బయటపడుతుంది. లోతులో సిరా నిలిపి పైనున్నదాన్ని తుడిచెయ్యడం రాగిపలక అచ్చులో సగం పని. మిగిలిన సగం కాగితం, రోలరు.

ఎచింగ్ నేర్చుకున్న ఇన్నేళ్లలో ఈ పోలిక నాకు ఎందుకు తట్టలేదంటే, ఎచింగ్‌లో పలక తిరగదు, చేయి తిరుగుతుంది.

జూన్ 17

తొలి ప్రూఫు. యంత్రం నాది కాదు, ముగ్గురం కలిసి అద్దెకు వాడుకుంటాం, నాకు మంగళవారాలు. కాగితాన్ని రాత్రే నీళ్లలో నానబెట్టి, పొద్దున అద్దుడు కాగితాల మధ్య ఉంచి పైతడి తీశాను. పలకను కొంచెం వెచ్చబెట్టి, సిరాను గాడుల్లోకి ఎక్కించి, గంజిపెట్టిన పలుచని గుడ్డతో గుండ్రంగా తుడిచి, ఆఖర్న చాక్‌పొడి అద్దిన అరచేత్తో ఒక్కొక్క వెలుగు భాగాన్నీ శుభ్రం చేశాను. తుడవడం తక్కువైతే చిత్రం మబ్బుపట్టినట్టుంటుంది, ఎక్కువైతే గాడుల్లోని సిరా కూడా లేచిపోతుంది. ఈ రెంటి మధ్య అరనిమిషం వ్యవధి ఉంటుంది.

చక్రం తిప్పుతున్నప్పుడు అబ్రహాం బాస్ 1642లో పారిస్‌లో చేసిన ఎచింగ్ గుర్తుకొచ్చింది. రాగిపలకల ముద్రణశాలను చూపే ఆ చిత్రంలో పనివాడు చక్రపు ఆకులను చేతులతో పట్టుకుని, కాలు కూడా ఒక ఆకుమీద వేసి తొక్కుతుంటాడు. ఆ భంగిమ అతిశయోక్తి అనుకునేదాన్ని. మందపాటి కాగితం, మూడు కంబళ్లు, కొత్త పలక. సగం దూరం వెళ్లాక నా కాలు కూడా పైకి లేచింది.

కాగితం ఒక మూలనుంచి ఎత్తి చూశాను. గీతలు నిలిచాయి. వాక్యం సరిగ్గా కుడివైపు తిరిగి, చదవడానికి వీలుగా వచ్చింది. రెండుచోట్ల ఉలి జారిన గీతలున్నాయి గానీ, అవి గోకుడు కత్తితో తీసి, నునుపుపుల్లతో రుద్ది, లోతు పడినచోట పలక వెనకనుంచి చిన్న సుత్తితో తట్టి సరిచేయగలిగినవే. పొంగిపోయి, ఆ రాత్రే విజయవాడ బస్సెక్కాను.

జూన్ 19

మా నాన్నగారి స్నేహితుడొకాయన విజయవాడలో ముప్ఫైఅయిదేళ్లు కంపోజిటరుగా పనిచేసి, ఆఫ్‌సెట్ వచ్చాక ఆ పని మానుకున్నారు. చిన్నప్పటినుంచీ నాకు ఆయన బాబాయిగారే. ప్రూఫు చూపించాను. కళ్లజోడు పైకి నెట్టి, కాగితాన్ని మొహానికి దగ్గరగా తెచ్చుకుని, కింది వాక్యం మొదట చదివారు, తప్పులేదన్నట్టు తలూపారు. తర్వాత బొమ్మవైపు చాలాసేపు చూశారు.

“వీళ్లందరూ ఎడమచేతివాటం వాళ్లా అమ్మాయ్?”

నాకు అర్థం కాలేదు. ఆయన లోపలికి వెళ్లి తన పాత కంపోజింగ్ స్టిక్కు, అంటే అక్షరాలను వరుసగా పేర్చుకునే చేతి పట్టీ, తెచ్చి ఎడమచేతిలో పట్టుకున్నారు. బొటనవేలు లోపల, చివరి అక్షరానికి ఆనించి. కుడిచేయి గాలిలో లేని కేసులోంచి లేని అక్షరాన్ని తీసి స్టిక్కులో పెట్టింది. “స్టిక్కు ఎడమచేతిలో ఉంటుంది, ఏరేది కుడిచేయి. నీ బొమ్మలో అందరికీ స్టిక్కు కుడిచేతిలో ఉంది. అక్షరం తిరగబడితే ముద్రారాక్షసం అంటాం, మనుషులే తిరగబడితే ఏమంటారే?”

నేను చేసింది ఇది. వాక్యాన్ని ట్రేసింగ్ కాగితంమీద రాసి, బోర్లించి పలకమీద రుద్దాను కాబట్టి అక్షరాలు పలకమీద తిరగబడి, కాగితంమీద సరిగ్గా పడ్డాయి. మనుషులను మాత్రం పాత చిత్రం చూస్తూ నేరుగా పలకమీద గీశాను. అచ్చులో అన్నీ అద్దంలో బొమ్మలా మారిపోతాయని విద్యార్థులకు చెప్పేదాన్ని నేనే. అక్షరాల విషయంలో పదిసార్లు సరిచూసుకున్న జాగ్రత్త, చేతుల విషయంలో ఒక్కసారీ రాలేదు. ఈ చిక్కు తెలిసినవాళ్లు కాబట్టే ఆ కాలపు చిత్రకారులు చెక్కడానికిచ్చే గీతల్లో మనుషులను కావాలని ఎడమచేతివాళ్లుగా గీసేవారు.

బాబాయిగారు ఇంకొకటి కూడా చూపించారు. స్టిక్కులో అక్షరాలు ఎడమనుంచి కుడికే పేరుస్తారు గానీ తలకిందులుగా. కంపోజిటరు వరుసను తలకిందులుగా, అద్దంలో చూసినట్టుగా చదువుకుంటూ పోతాడు. అక్షరపు కాడకు ఒకవైపు చిన్న గాటు ఉంటుంది. అది వేలికి తగిలితే చూడకుండానే ఏ వైపు పైకో తెలిసిపోతుంది. మాటల మధ్య ఆయన ఎదురుగా గోడమీదున్న కేలండరును తలకిందులుగా పట్టుకుని చదివి చూపించారు, కొంచెం గర్వంగానే.

జూలై 6

సరిదిద్దడం కుదరదు. చేతులు మార్చాలంటే భుజాలు, భుజాలు మార్చాలంటే కేసుల వాలు, ఇలా బొమ్మ మొత్తం. పలకను బోర్లించి వెనకవైపు అరగదీశాను. రాగికి ఇదొక సుగుణం, రెండు ముఖాలూ పనికొస్తాయి. ఈసారి గీసిన కాగితాన్ని అద్దానికెదురుగా నిలబెట్టి, అద్దంలో చూస్తూ చెక్కుతున్నాను. తప్పు చిత్రాన్ని పారేయను, రెండు ప్రతులు తీసి ఒకటి బాబాయిగారికి పంపాను.

జూలై 28

మొదటి పలక పూర్తయింది. ఇరవై ప్రతులు తీసి ఆరబెట్టాను. దీని గురించి ఇంతకంటే చెప్పుకోవలసింది లేదు.

రెండో పలకలో మనుషులు ఉండరు. బల్లమీద మూడు వస్తువులు మాత్రం: పంచ్, మాతృక, పోతపోసిన అక్షరం. పాత చిత్రాలన్నీ యంత్రాన్నే నాయకుణ్ణి చేశాయి. నిజానికి గూటెన్‌బర్గ్ కాలంనుంచీ ముద్రణ నిలబడింది ఒకే అక్షరాన్ని వేలసార్లు ఒకే కొలతలో పోయగలగడంమీద. దానికి మూలం చెక్కుడు పనే. మెత్తబరచిన ఉక్కు కడ్డీ కొనమీద అక్షరాన్ని తిరగేసి చెక్కుతారు, అది పంచ్. కాల్చి గట్టిపరచి, దాన్ని రాగిముక్కలోకి కొడితే అక్షరం సరైన దిశలో గుంట పడుతుంది, అది మాతృక. ఆ గుంటలో సీసపు మిశ్రమం పోస్తే అక్షరం మళ్లీ తిరగబడి వస్తుంది. అది కాగితంమీద పడేసరికి సరవుతుంది. తిరగటం, సరవటం, తిరగటం, సరవటం, నాలుగు మజిలీలు.

చెక్కేవాడు మధ్యమధ్య పంచ్‌ను దీపపు మంటలో మసిపట్టించి కాగితంమీద అద్ది చూసుకుంటాడు. తాటాకు మసి మళ్లీ ఇక్కడ ఎదురైంది. గుండ్రని అక్షరాల లోపలి ఖాళీని ఉలితో తొలవడం కష్టం కాబట్టి, ముందు ఆ ఖాళీ ఆకారంలో వేరే పంచ్ చేసి దానితో కొట్టి గుంట చేస్తారు. తెలుగు అక్షరాల్లో ఇలాంటి గుండ్రని ఖాళీలు ఎన్నో చూస్తే ఆ పని చేసినవాళ్లకు ఎంత ఓపిక ఉండాలో తెలుస్తుంది.

ఈ పలకకు స్థలంగా కలకత్తా దగ్గరి సెరంపూర్‌ను తీసుకున్నాను. 1778లో హుగ్లీలో అచ్చయిన హాల్హెడ్ బెంగాలీ వ్యాకరణానికి చార్లెస్ విల్కిన్స్‌తో కలిసి అక్షరాలు తయారుచేసిన పంచానన్ కర్మకార్, లోహంమీద చెక్కే కుటుంబంనుంచి వచ్చినవాడు. తర్వాత ఆయన సెరంపూర్‌లో మిషనరీ విలియం కేరీ ముద్రణాలయంలో చేరాడు. ఆయన తర్వాత అల్లుడు మనోహర్ ఆ పని సాగించాడు. 1812 మార్చి 11 సాయంత్రం ఆ ముద్రణాలయం తగలబడింది. కాగితం నిల్వలు, చేతిరాతలు, తెలుగుతో సహా అనేక భాషల అక్షరాలు పోయాయి. అక్షరాలు కరిగి సీసపు ముద్దలయ్యాయి. బూడిదలో వెతికితే పంచ్‌లూ మాతృకలూ దొరికాయి, యంత్రాలు దక్కాయి. ఆ సీసాన్నే మళ్లీ కరిగించి, ఆ మాతృకల్లోనే పోసి కొద్ది వారాల్లో పని తిరిగి మొదలుపెట్టారు. కేరీ తెలుగు వ్యాకరణం 1814లో అక్కడే అచ్చయింది. చిత్రంలో మూడు వస్తువుల వెనక నేలమీద ఒక కరిగిన సీసపు ముద్ద ఉంటుంది. అగ్నిప్రమాదాన్ని అంతకుమించి చూపించను. మంటలు చెక్కడం నాకు రాదన్నది కూడా ఒక కారణమే.

ఆగస్టు 9

ఈ పలకమీద ‘మ’ చెక్కుతూ గంటసేపు కూర్చుండిపోయాను. చిత్రంలో పంచ్‌మీది ‘మ’ తిరగబడి కనిపించాలి, కాబట్టి పలకమీద అది సరైన ‘మ’. మాతృకలోని ‘మ’ చిత్రంలో సరిగ్గా కనిపించాలి, కాబట్టి పలకమీద తిరగబడిన ‘మ’. సీసపు అక్షరం మళ్లీ పంచ్‌లాగే. ‘మ’కు కుడిపక్కన ఉండే కొమ్ము ఎక్కడ ఏవైపు పోవాలో చివరకు మూడు చీటీలమీద రాసుకుని పలకచుట్టూ అంటించుకున్నాను. సున్నాను ఎంచుకుని ఉంటే ఈ బాధ ఉండేది కాదు, అది ఎటు చూసినా సున్నాలాగే ఉంటుంది. కానీ అప్పుడు చూసేవాళ్లకు తేడా కూడా తెలియదు.

ఆగస్టు 25

మూడో పలక తెలుగు కేసు. దీని సంగతి త్వరగా ముగిస్తాను, ఎందుకంటే పని త్వరగానే అయింది. తెలుగు అక్షరాలతో అచ్చయిన తొలి పుస్తకాలు వచ్చింది మన దేశంలో కాదు, జర్మనీలోని హాలే పట్టణంలో. తరంగంబాడిలో, తర్వాత చెన్నపట్నంలో పనిచేసి 1743లో వెనక్కి వెళ్లిన మిషనరీ బెంజమిన్ షుల్జ్ వాటిని 1746, 1747 ప్రాంతాల్లో అచ్చువేయించాడు. ఆ కేసు ఎలా ఉండేదో ఊహించి గీయడం నాకిష్టం లేదు. బాబాయిగారు నేలమీద సుద్దతో గీసి చూపించిన కేసునే చెక్కాను. గుణింతంతో కలిపి పోసిన అక్షరాలు ఒకచోట, ఒత్తులు ఒకచోట, ఎక్కువగా వాడేవి చేతికి దగ్గరగా, ఎప్పుడో తప్ప అక్కరలేనివి మూలకు. ఒక గడిని ఖాళీగా ఉంచమన్నారు. ఎందుకని అడిగితే, “ఎప్పుడూ ఏదో ఒక అక్షరం అయిపోయి ఉంటుంది” అన్నారు.

సెప్టెంబరు 2

నాలుగో పలక మొదట అనుకున్నది స్టీమ్ ప్రెస్సు. 1814 నవంబరు 29న లండన్ టైమ్స్ పత్రికను క్యోనిగ్ యంత్రంమీద అచ్చువేసిన రాత్రి. స్కెచ్ కూడా సిద్ధంగా ఉంది. జూన్‌లో తాటాకు పోలిక తట్టినప్పటినుంచీ ఆ స్కెచ్‌మీద మనసు నిలవడంలేదు.

తాళ్లపాక అన్నమాచార్యులు 1408నుంచి 1503 వరకు జీవించారు. ఆయన సంకీర్తనలను కొడుకు పెద తిరుమలాచార్యుల కాలంలో, అంటే పదహారో శతాబ్దపు మొదటి సగంలో, రాగిరేకులమీద చెక్కించి తిరుమల ఆలయంలోని సంకీర్తన భాండారంలో భద్రపరిచారు. రెండు వేలకు పైగా రేకులు. ఇప్పటికీ సంపుటాల్లో ప్రతి పాటకూ రాగంతోపాటు రేకు సంఖ్య కూడా వేస్తారు. దాదాపు అదే కాలంలో, 1514లో, న్యూరెంబర్గ్‌లో చిత్రకారుడు డ్యూరర్ తన ‘మెలెంకోలియా’ను రాగిమీద చెక్కాడు. లోహం అదే, ఉలితో చేసే పనీ అదే. ఒకచోట పలక ప్రతులు తీయడానికి. మరొకచోట పలకే ప్రతి. గోవాలో తొలి అచ్చుయంత్రం దిగింది 1556లో గనక, ఆ రేకులు చెక్కినవాళ్ల ముందు అచ్చు అనే ఆలోచనే లేదు. అందుకే అక్షరాలు చదువుకోవడానికి వీలుగా సరైన దిశలోనే ఉన్నాయి. పంచ్‌తో కొట్టిన రాగి మాతృకలోనూ అక్షరం సరైన దిశలోనే ఉంటుందని మొన్న మొన్ననే కదా చెక్కాను.

దీన్ని ముద్రణ చరిత్రలో చేర్చవచ్చా అని ఒక స్నేహితురాలు గట్టిగానే వాదించింది. ముద్రించనిదాన్ని ముద్రణ అనకూడదు, నిజమే. అయినా ఈ కట్టలో నాలుగో పలకగా అదే ఉంటుంది. స్టీమ్ యంత్రాన్ని కీర్తించడానికి వేరే చాలామంది ఉన్నారు.

సెప్టెంబరు 20

ఆ సంకీర్తనల్లో ఏదీ తీసుకోలేదు. వాటిని అనుకరించడం నా ఉద్దేశం కాదు. ఒక రేకు ఆకారం, పక్కన కడియం దూర్చే రంధ్రం, మధ్యలో ఒక్క వరుసలో ‘ఓ న మః శి వా యః’, పలకబలపం పట్టినరోజు దిద్దించే ఆ ఆరు అక్షరాలే.

చెక్కడం ఏ దిశలో అన్నది వారం రోజులు తేలలేదు. అచ్చు తీసేదాన్ని కాబట్టి తిరగేసి చెక్కాలి. రేకును చూపిస్తున్నాను కాబట్టి సరిగ్గా చెక్కాలి. చివరకు రేకు చెక్కినవాళ్ల పద్ధతిలోనే, ఎదురుగా చదువుకుంటూ చెక్కాను. ఇంతకాలం తిరగబడిన అక్షరాలకు అలవాటుపడిన చేతికి ఇదే వింతగా తోచింది. ‘శి’ దగ్గర గుడిని రెండుసార్లు ఎడమవైపుకు వంచబోయాను.

అక్టోబరు 1

నాలుగో పలకనుంచి ప్రూఫు తీశాను. కాగితంమీద ఓనమాలు అద్దంలోలా తిరగబడి, నల్లగా, గట్టిగా పడ్డాయి. సిరా ఇంకా తడిగా ఉండగానే దానిమీద మరో తడి కాగితం పరచి, రెంటినీ కలిపి మళ్లీ రోలరు కిందికి పంపాను. దీన్ని కౌంటర్‌ప్రూఫు అంటారు; చెక్కేవాళ్లు తప్పులు సరిచూసుకోవడానికి పూర్వంనుంచీ వాడే ఉపాయం. రెండో కాగితంమీద అక్షరాలు సరైన దిశలో వచ్చాయి. అయితే సగం సిరాయే దానికి దక్కుతుంది కాబట్టి పెన్సిలు రాతలా లేతగా ఉన్నాయి. కట్టలో నాలుగో చిత్రంగా ఈ రెంటినీ పక్కపక్కనే అంటిస్తాను.

అక్టోబరు 5

బాబాయిగారు ఏదో పెళ్లికి హైదరాబాదు వచ్చి, దారిలో పనిశాలకు వచ్చారు. తాడుమీద ఆరుతున్న రెండు కాగితాలనూ చూపించి, ముందు లేత ప్రతిని చేతికివ్వబోయాను. ఆయన అప్పటికే నల్లటిదాని ముందు నిలబడి, కుడినుంచి ఎడమకు, ఎక్కడా తడుముకోకుండా గట్టిగా చదివేశారు. రెండోదానివైపు చూడనే లేదు.

“బాగుంది గానీ, ‘శి’కి గుడి పైన తెగింది, చూసుకున్నావా?”

భూతద్దం పెట్టి చూశాను. వెంట్రుకవాసి ఖాళీ ఉంది. ఎల్లుండి మంగళవారం, యంత్రం నాదే. పొద్దున్నే పలక దింపి ఆ గుడి కలపాలి.